రాతి ఎడారిలో జీపు యాత్ర: బయలుదేరుటకు ముందు వేయవలసిన లెక్కలు

ఎడారి యనగానే ఇసుక తిన్నెలు, వానిపై సాగు ఒంటెల బారులు మనస్సునకు తోచును. కాని ప్రపంచములోని ఎడారులలో ఇసుక పరచుకొన్న నేల సుమారు ఐదవ వంతు మాత్రమే. మిగిలినదంతయు బండనేల, గులకరాళ్ల మైదానము, చీలిన కొండలు. అట్టి రాతి ఎడారులలో ప్రసిద్ధమైన దొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో, యూటా రాష్ట్రపు ఆగ్నేయ భాగమున, కొలరాడో నదీ తీరమందలి మోయాబ్ పట్టణము చుట్టును వ్యాపించియున్నది. 1967లో ఆ ఊరి వర్తక సంఘమువారు ఈస్టరు పండుగ దినములలో జీపు యాత్ర నొకదానిని ప్రారంభించిరి. నాటి నుండి ఆ బండలపై వాహనములు నడుపుట ఒక వినోదముగా పెరిగినది. నేడు అచ్చటికి జనులు జట్లు జట్లుగా వత్తురు.

ఇది వినోదమే యైనను ప్రమాదము లేనిది కాదు. దారిలో త్రాగునీరు దొరకదు, పెట్రోలు దొరకదు, చాల చోట్ల టెలిఫోను పనిచేయదు. ఊరిలో చిన్న చిక్కుగా తోచు సంగతి, ఒక టైరు చినుగుట గాని, రేడియేటరు గొట్టము కారుట గాని, అచ్చట ప్రాణాపాయముగా మారవచ్చును. అట్టి యాత్ర క్షేమముగా ముగియుట నడుపువాని ధైర్యము కంటె ముందుగా కాగితముపై వేసికొన్న లెక్కలపై ఎక్కువగా ఆధారపడును. ఆ లెక్కలలో పెక్కు ఉన్నత పాఠశాలలో నేర్చు భౌతిక శాస్త్రమునకు లోబడినవే. 9 మంది మనుష్యులు, 3 జీపులలో, 3 రోజులు చేయు యాత్ర నొకదానిని ఉదాహరణముగా తీసికొని వానిని వరుసగా చూడవచ్చును. మనుష్యులతోను, సామానుతోను కలిసి ఒక్కొక్క జీపు బరువు 2,400 కిలోగ్రాములని అనుకొందము.

దారి యెట్లు పుట్టినది?

మోయాబ్ సమీపమందలి దారులలో పెద్దది వైట్ రిమ్ రోడ్డు. దీని పొడవు సుమారు 160 కిలోమీటర్లు. ఎత్తైన పీఠభూమి యొకటి, దానిని చుట్టి లోతైన లోయలలో పారు కొలరాడో, గ్రీన్ నదులు, ఈ రెండింటి నడుమ అరుగువలె ఒక రాతి మెట్టు కలదు. దారి ఆ మెట్టు మీదనే నడచును. ఈ మెట్టు సుమారు 27 కోట్ల సంవత్సరముల నాటి తెల్లని ఇసుకరాతి పొర. దానిమీది మెత్తని పొరలు వానకు, గాలికి అరిగి కొట్టుకొనిపోగా, ఈ గట్టి పొర నిలిచిపోయినది. పీఠభూమి పైభాగము దీనికి 300 మీటర్లకు పైగా ఎత్తున నున్నది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము అణుశక్తికై యురేనియము అవసరమైనది. 1952లో చార్లెస్ స్టీన్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు మోయాబునకు ఆగ్నేయమున గొప్ప యురేనియము గని నొకదానిని కనుగొనెను. ఆ దశాబ్దములోనే ఖనిజాన్వేషణకై అణుశక్తి సంఘము వేయించిన దారి ఈ వైట్ రిమ్ రోడ్డు. దాని వెంట యురేనియము పెద్దగా దొరకలేదు గాని దారి మిగిలినది. 1964లో ఈ ప్రాంతము కేన్యన్‌లాండ్స్ జాతీయ వనములో చేరినది. నేడు ఈ దారిన పోవుటకు ముందుగా అనుమతి పత్రము పొందవలెను. రాత్రి బస నిర్ణయించిన స్థలములలోనే చేయవలెను. బస చేయు జట్టునందు 15 మంది మనుష్యులను, 3 వాహనములను మించరాదు. కావున జట్టు ఎంత పెద్దదను ప్రశ్నకు మొదటి సమాధానము ఈ నియమమే.

టైరులోని గాలి

జీపు బరువు 2,400 కిలోగ్రాములైన, ఒక్కొక్క చక్రముపై సగటున 600 కిలోగ్రాముల భారము పడును. టైరులో గాలి పీడనము చదరపు సెంటీమీటరునకు 2.4 కిలోగ్రాములైనచో, ఆ భారమును మోయుటకు 600 ÷ 2.4, అనగా 250 చదరపు సెంటీమీటర్ల మేర టైరు నేలను తాకవలెను. పీడనమును సగమునకు, అనగా 1.2 కిలోగ్రాములకు తగ్గించినచో ఆ వైశాల్యము 500 చదరపు సెంటీమీటర్లగును. టైరు గోడల బిగువు కొంత భారమును మోయుట వలన అసలు వైశాల్యము ఈ లెక్కకు కొంచెము తక్కువగా నుండును.

ఇసుకలో ఇందువలని లాభము స్పష్టము. భారము ఎక్కువ మేర పరచుకొనుటచే చక్రము దిగబడదు. 1929 నుండి 1932 వరకు ఫోర్డు కార్లలో లిబియా ఎడారియందు యాత్రలు చేసిన బ్రిటిషు సైనికోద్యోగి రాల్ఫ్ బాగ్నోల్డ్ ఈ ఉపాయమును చక్కగా వాడుకొనెను. మరి బండమీద దీని ప్రయోజన మేమి? ఘర్షణ బలము తాకు వైశాల్యముపై ఆధారపడదని పాఠ్య పుస్తకములు చెప్పుచున్నవి గదా యని విద్యార్థి అడుగవచ్చును. ఆ సూత్రము గట్టి పదార్థములకు చక్కగా వర్తించును. రబ్బరు మెత్తనిది. అది రాతిపైని గరుకులలోనికి దిగి, వానిని పట్టుకొనును. గాలి తగ్గించిన టైరు చిన్న రాయి నొకదానిపై నెక్కినప్పుడు దానిని పిడికిటితో పట్టినట్లు చుట్టుకొనును. గాలి నిండుగా నున్న టైరు ఆ రాయి మీద ఎగిరిపడి జారును. మోయాబ్ ప్రాంతపు బండలకు 'స్లిక్‌రాక్', అనగా జారుడు బండ, అను పేరు గుఱ్ఱముల ఇనుప నాడాలు వానిపై జారుట చేత వచ్చినది. రబ్బరు టైరునకు అవే బండలు మంచి పట్టు నిచ్చును.

అయితే గాలి తగ్గించిన టైరుతో వేగముగా పోరాదు. చక్రము తిరిగినప్పుడెల్ల టైరు గోడ వంగి లేచుచుండును. ఆ వంపులో కొంత శక్తి ఉష్ణముగా మారును. మెల్లగా పోవునపుడు ఆ వేడి గాలిలో కలిసిపోవును గాని, రాజమార్గముపై వేగముగా పోవునపుడు పోగుపడి టైరును పగులగొట్టగలదు. కావున పీడనమును కొలుచు సాధనము, తిరిగి గాలి నింపు పంపు జట్టు సామానులో తప్పక ఉండవలెను.

ఎక్కుట, దిగుట

వాహనము ఎంత వాలు నెక్కగలదో ఘర్షణ గుణకము నిర్ణయించును. పొడి బండకు, రబ్బరునకు నడుమ ఈ గుణకము 0.7 అనుకొందము. నాలుగు చక్రములకు ఇంజను శక్తి అందినచో, టాంజెంటు 0.7 అగు కోణము వరకు, అనగా సుమారు 35 డిగ్రీల వాలు వరకు జారకుండ ఎక్కవచ్చును. రెండు చక్రములకే శక్తి అందినచో, స్థూలముగా బరువులో సగమే పట్టునకు ఉపయోగపడును. అప్పుడు హద్దు సుమారు 19 డిగ్రీలకు పడిపోవును. నాలుగు చక్రముల వాహనమే కావలెనని వనాధికారులు పట్టుబట్టుటకు కారణ మిదియే. బండపై ఇసుక పొర యున్నను, తడి బురద యున్నను గుణకము తగ్గును. కనుక నిన్న ఎక్కిన వాలును వాన పిదప నేడు ఎక్కగలమని నమ్మరాదు.

రెండవది గేరు సంగతి. సాధారణ గేర్లకు తోడు ఈ వాహనములలో 'లో రేంజి' అను మరొక గేర్ల జత యుండును. దాని నిష్పత్తి కొన్ని జీపులలో సుమారు 2.7, రాళ్లపై నడుచుటకే నిర్మించిన వానిలో 4. నిష్పత్తి 4 అయినచో చక్రమును త్రిప్పు బలము నాలుగు రెట్లగును. వేగము నాలుగవ వంతగును. రాళ్లపై కావలసినది ఇదియే. వేగము రెట్టింపైనచో తాకిడి శక్తి నాలుగు రెట్లగునని గతిశక్తి సూత్రము చెప్పును. దూకుడుగా ఎక్కబోయి ఇరుసు విరుగగొట్టుకొనువారు మరచునది ఈ సూత్రమునే.

ఎక్కుట కంటె దిగుట ఎక్కువ జాగ్రత్తతో చేయవలసిన పని. పీఠభూమి నుండి మెట్టు మీదికి షేఫర్ దారి మెలికలు తిరుగుచు దిగును. 2,400 కిలోగ్రాముల జీపు 300 మీటర్లు దిగునపుడు కోల్పోవు స్థితిశక్తి సుమారు 70 లక్షల జౌళ్లు. ఈ శక్తి 21 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి మరుగు వేడి వరకు తెచ్చుటకు చాలును. అదంతయు బ్రేకులలోనే ఉష్ణముగా మారినచో అవి ఎఱ్ఱగా కాలి పట్టు తప్పును. అందుచేత అతి తక్కువ గేరులో, ఇంజనే చక్రములను పట్టి యుంచునట్లు దిగవలెను. అప్పుడు ఆ శక్తిలో ఎక్కువ భాగము ఇంజను లోపలి ఘర్షణలోను, గాలిని పీల్చి అదుముటలోను ఖర్చై, పొగగొట్టము ద్వారాను, రేడియేటరు ద్వారాను బయటికి పోవును. బ్రేకులు అవసర సమయమునకు చల్లగా మిగులును.

బరువును సర్దుట

సామాను పైకప్పుపై కట్టుట సులభము. దాని ఫలిత మేమో చూతము. సామాను లేని జీపు, మనుష్యులతో కలిసి, 2,200 కిలోగ్రాములనియు, దాని గురుత్వ కేంద్రము నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తుననున్నదనియు, చక్రముల నడుమ దూరము 150 సెంటీమీటర్లనియు అనుకొందము. అట్టి వాహనము ప్రక్కకు ఒరుగుటకు హద్దు 45 డిగ్రీలు. 200 కిలోగ్రాముల సామానును 2 మీటర్ల ఎత్తున పైకప్పుపై నుంచినచో గురుత్వ కేంద్రము సుమారు 85 సెంటీమీటర్లకు పెరుగును. హద్దు సుమారు 41 డిగ్రీలకు తగ్గును. ఇది కదలక నిలిచియున్న వాహనమునకు వేసిన లెక్క. స్ప్రింగులు ఒక వైపు క్రుంగుట, చక్రము రాతిమీది నుండి దిగునప్పటి ఊపు, ఇవి కూడ చేరినచో హద్దు ఇంకను తగ్గును. కావున నీరు, పనిముట్లు మొదలగు బరువైన వానిని నేలకు దగ్గరగా, ఇరుసుల నడుమ ఉంచి కదలకుండ కట్టవలెను. పరుపులు, గుడారములు పైన ఉండవచ్చును.

నీరు, పెట్రోలు, ప్రొద్దు

ఈ ప్రాంతపు సగటు వర్షపాతము ఏడాదికి 25 సెంటీమీటర్లకు లోపు. వానలు తక్కువైన మన అనంతపురము జిల్లాలో అది సుమారు 55 సెంటీమీటర్లు. వేసవి పగళ్లలో ఉష్ణోగ్రత తరచుగా 38 డిగ్రీలను దాటును. విశ్రాంతిగా కూర్చున్న మనుష్యుని శరీరము కూడ సుమారు 100 వాట్ల దీపమంత ఉష్ణమును పుట్టించుచుండును. గాలి చర్మము కంటె వేడిగా నున్నపుడు ఆ ఉష్ణము బయటికి పోవుటకు చెమట ఆవిరియగుట తప్ప వేరు మార్గము లేదు. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల ఉష్ణము తొలగును. ఎండలో రాళ్లు జరుపుచు పని చేయువానికి గంటకు లీటరు చెమట పోయినను ఆశ్చర్యము లేదు. పొడి గాలిలో చెమట పట్టిన వెంటనే ఆరిపోవుట వలన నీరు పోవుచున్నదను సంగతియే తెలియదు. దాహము ఆలస్యముగా హెచ్చరించును.

వనాధికారులు మనిషికి రోజునకు 4 లీటర్ల నీటినైన ఉంచుకొనుమని చెప్పుదురు. 9 మందికి 3 రోజులకు 108 లీటర్లు. అనుకోని ఒక రోజు ఆలస్యమునకు మరి 36 లీటర్లు చేర్చినచో 144 లీటర్లగును. ఈ నీటినంతయు ఒకే జీపులో పెట్టరాదు. ఒక్కొక్క దానిలో 48 లీటర్ల చొప్పున పంచినచో, ఒక జీపు లోయలో పడినను, వెనుకబడినను, మిగిలిన 96 లీటర్లు 9 మందికి రెండున్నర రోజులకు పైగా సరిపోవును. తినుటకు కొంత ఉప్పు గల ఆహారము కూడ అవసరమే. చెమటతో ఉప్పు కూడ పోవును.

పెట్రోలు లెక్క కూడ ఇట్లే. రాజమార్గమున లీటరునకు 10 కిలోమీటర్లు నడచు జీపు లో రేంజిలో 5 కిలోమీటర్లే నడచుననుకొందము. 160 కిలోమీటర్ల దారికి 32 లీటర్లు, ఊరి నుండి పోవుటకు వచ్చుటకు 100 కిలోమీటర్లకు 10 లీటర్లు, మొత్తము 42. దారి తెగినచో వెనుకకు మరలవలసి వచ్చును గనుక మూడవ వంతు అదనముగా చేర్చి 56 లీటర్లు ఉంచుకొనవలెను. జట్టులో ఎక్కువ పెట్రోలు త్రాగు వాహనమునకు ఈ లెక్క వేయవలెను గాని సగటు వాహనమునకు కాదు.

ప్రొద్దును కూడ కొలుచుకొనవలెను. 160 కిలోమీటర్లు మూడు రోజులలోనన్న రోజునకు సుమారు 53. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున నాలుగున్నర గంటలు. దారి పరిశీలించుట, ఒక్కొక్క వాహనమును కష్టమైన చోట దాటించుట, భోజనము, ఇవి మరి అంత కాలమును తీసికొనును. మొత్తము 9 గంటలు. ఆ అక్షాంశమున డిసెంబరులో పగలు తొమ్మిదిన్నర గంటలే. జూనులో పగలు దాదాపు 15 గంటలున్నను ఎండ భరింపరానిది. అందుచేతనే వసంతము, శరత్తు యాత్రకు తగిన కాలములు.

మేఘము లేని చోట వరద

వేసవి చివర ఈ ప్రాంతమున ఉరుములతో కూడిన గాలివానలు వచ్చును. బండనేల నీటిని పీల్చదు. పడిన వాన పడినట్లే వాగులలోనికి జారును. ఎక్కడనో దూరమున కురిసిన వాన, తలపై మేఘమే లేని చోట ఎండిన వాగులో గోడవలె వచ్చి పడగలదు.

ఆ నీటిలోనికి జీపును దింపుట ఎంత ప్రమాదమో ఆర్కిమిడీసు సూత్రము చెప్పును. జీపు అడుగు భాగము 4.5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు అయినచో వైశాల్యము సుమారు 8 చదరపు మీటర్లు. నీరు ఆ అడుగును దాటి 30 సెంటీమీటర్లు లేచి, లోపలికి ఇంకను రానియెడల, తొలగిన నీటి బరువు సుమారు 2,400 కిలోగ్రాములు. అనగా జీపు బరువంత. అప్పుడు చక్రములకు నేలపై భారమే లేదు; భారము లేనిచో ఘర్షణ లేదు; ప్రవాహము దానిని పడవవలె కొట్టుకొనిపోవును. పూర్తిగా తేలక ముందే, బరువు కొంత తగ్గినంతనే, పట్టు తప్పుట మొదలగును. కనుక వరద తగ్గువరకు ఒడ్డున కూర్చుండుటయే మార్గము. వాగులో ఎన్నడును బస చేయరాదు. దారియే పోవుట కూడ కలదు. 2010 ఆగస్టులో గాలివానకు మినరల్ బాటమ్ వద్ద మెలికల దారి కొట్టుకొనిపోగా, అది తిరిగి తెరచుట మరుసటి సంవత్సరమునకు గాని కాలేదు. బయలుదేరు దినమున వనాధికారులను అడిగి దారి సంగతి తెలిసికొనుట ఇందువలన అవసరము.

జట్టు నడక

జట్టుగా పోవుటలో బలము కలదు, చిక్కును కలదు. జట్టు వేగము దానిలోని అందరికంటె మెల్లని వాహనపు వేగమే. జట్టు ఎక్కగల రాయి దానిలోని అందరికంటె తక్కువ ఎత్తు గల వాహనము ఎక్కగల రాయియే. దారిని ఎన్నుకొనునపుడు ఈ రెండింటిని గుర్తుంచుకొనినచో వివాదములు తగ్గును. అనుభవజ్ఞుడు ముందును, మరియొక అనుభవజ్ఞుడు పనిముట్లతో చివరను, క్రొత్తవాడు నడుమను ఉండవలెను. ప్రతివాడును తన వెనుక వచ్చు జీపునకు బాధ్యుడు. మలుపు వద్ద అది కనబడువరకు ఆగవలెను. ఈ ఒక్క నియమమును పాటించినచో ఎంత పొడవైన వరుసయైనను తెగదు.

కష్టమైన చోట ఒకడు దిగి దారి చూపవలెను. నడుపువానికి ముందు చక్రముల క్రింద నేల కనబడదు గనుక ఇది అవసరము. సంజ్ఞలు ఒక్కడే చేయవలెను. పదిమంది అరచినచో ప్రమాదము. అతడు వాహనమునకును, లోయ అంచునకును నడుమ ఎన్నడును నిలువరాదు. చిక్కిన జీపును వించ్ అను లాగుడు యంత్రముతో తీయునపుడు మోకు సాగి స్ప్రింగువలె శక్తిని దాచుకొనును. అది తెగినచో ఆ శక్తి యంతయు ఒక్క క్షణములో గతిశక్తియై కొరడావలె విసురును. అందరును మోకు పొడవుకంటె దూరముగా తొలగవలెను. మోకుపై బరువైన కంబళి వేయవలెను.

చేతి రేడియో తరంగములు తిన్నగా పోవును. రాతిగోడ అడ్డమైనచో అవి చేరవు. లోయలో టెలిఫోను మూగపోవుటకు కారణమును ఇదియే. ఉపగ్రహముతో మాటలాడు సాధన మొకటి జట్టున కుండుట మంచిది. వాహనము పూర్తిగా చెడినపుడు దానిని వీడి ఎండలో నడచి పోరాదు. జీపు నీడ నిచ్చును. వెదకువారికి మనిషి కంటె సులభముగా కనబడును. ఈ దారి నుండి చెడిన వాహనమును లాగించుటకు వెయ్యి డాలర్లకు మించి ఖర్చగును. ఆ ఖర్చునకు వెరచి తిరుగుముఖము పట్టుటలో ఆలస్యము చేసినవారు ఇంకను ఎక్కువ నష్టపోదురు.

బ్రతికియున్న మట్టి

ఇంతవరకు చూచినవి మనిషికి కలుగు ప్రమాదములు. మనిషి వలన ఎడారికి కలుగు ప్రమాదము కూడ ఒకటి కలదు. దారి ప్రక్క మట్టిపై నల్లగా, గరుకుగా, చిన్న చిన్న బుడిపెలతో ఒక పెంకు కనబడును. చూచుటకు అది ఎండిన మన్ను. నిజమునకు అది సజీవము. సయనోబాక్టీరియా యను సూక్ష్మజీవులు, లైకెన్లు, నాచులు, శిలీంధ్రములు కలిసి దానిని నిర్మించును. సయనోబాక్టీరియా తడిసినపుడు మట్టి రేణువుల నడుమ దారములవలె ప్రాకి, జిగురు తొడుగులను విడుచును. ఆ తొడుగులు రేణువులను కుట్టినట్లు పట్టి యుంచుట వలన గాలికి మట్టి లేవదు, వానకు కొట్టుకొనిపోదు. వీనిలో కొన్ని గాలిలోని నత్రజనిని మొక్కలకు పనికివచ్చు రూపమునకు మార్చును. ఆ నిస్సారమైన నేలలో మొక్క మొలచుటకు ఇది ఆధారము.

ఈ పెంకు వానికి, మంచునకు తట్టుకొనును గాని ఒత్తిడికి తట్టుకొనదు. ఒక్క అడుగు పడినను పొడియగును. ఒక జీపు దారి తప్పి పది మీటర్లు పోయినచో రెండు చారలు ఏర్పడును. వానిలో గాలి చొరబడి మట్టిని లేపి ప్రక్కనున్న పెంకును కప్పివేయును. వెలుతురు అందక అదియు చచ్చును. తిరిగి పెరుగుటకు పదుల సంవత్సరములు పట్టును. అందుచేత ఎదురుగా మరొక వాహనము వచ్చినపుడు మట్టిలోనికి దిగి తొలగరాదు. వెడల్పైన బండ వచ్చువరకు ఒకరు వెనుకకు పోవలెను. జట్టంతయు ఒకే జాడలో నడువవలెను. బసచేసిన చోట మిగిలిన చెత్తను తిరిగి తీసికొని రావలెను.

పైన చూపిన అంకెలు ఉదాహరణమునకు తీసికొన్నవి. ప్రతి జట్టును తన వాహనముల బరువు, కొలతలు, తన మనుష్యుల సంఖ్యలతో వానిని మరల వేసికొనవలెను. పాఠశాలలో ఉపాధ్యాయులు పీడనము, ఘర్షణ, గురుత్వ కేంద్రము, తేలు బలము బోధించునపుడు ఇదే యాత్రను లెక్కగా ఇయ్యవచ్చును. జట్టులో ఒకరు పెరిగిన నీరెంత, ఒక రోజు పెరిగిన పెట్రోలెంత యని విద్యార్థులచే కట్టించవచ్చును. యాత్ర చేయువారు ఆ లెక్కల కాగితమునకు దారి పటమును, బస స్థలముల పేర్లను, జీపుల గుర్తింపు సంఖ్యలను, తిరిగి రావలసిన రోజును, గంటను జతపరచవలెను. ఒక ప్రతిని ప్రతి జీపులోను ఉంచి, మరియొక ప్రతిని ఊరిలో నమ్మకమైనవారి చేతికి ఇచ్చి బయలుదేరవలెను. చెప్పిన గంటకు జట్టు రానియెడల, వెదకువారు ఎచ్చట మొదలుపెట్టవలెనో, లోపల ఎన్ని రోజుల నీరు మిగిలియున్నదో ఆ కాగితమును చూచియే తెలిసికొందురు.